ఒక్కొక్కటే మార్చి చూస్తే దొరకని సెట్టింగ్: ప్లేటింగ్ యూనిట్ నీళ్లలో నికెల్

హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్. ఇత్తడి కుళాయిలు, బాత్రూమ్ ఫిట్టింగులు, కొన్ని బండి భాగాలు వస్తాయి, వాటికి ముందు నికెల్ పూత, దాని మీద పల్చగా క్రోమ్ పూత వేస్తారు. ప్రతి బాత్ (పూత ద్రావణం ఉన్న తొట్టి) తర్వాత వస్తువులను కడగాలి కాబట్టి రోజుకు సుమారు 8,000 లీటర్ల నీళ్లు ట్రీట్‌మెంట్ ట్యాంకుకు చేరతాయి. ఆ నీళ్లను శుద్ధి చేశాక నికెల్ కొలిస్తే లీటరుకు ఒకరోజు 2, ఇంకోరోజు 6, మరో రోజు 4 మిల్లీగ్రాములు వచ్చేది. ఆపరేటర్ మాత్రం రోజూ చేసే పనే చేస్తున్నానని చెబుతాడు, అతను చెప్పేది నిజమే కూడా. యజమానికి టెన్షన్ ఇక్కడే మొదలైంది: రోజూ ఒకే పని చేస్తుంటే ఫలితం ఒకేలా ఎందుకు రావడం లేదు? యూనిట్‌ను గుర్తు పట్టే వీలు లేకుండా కింద ఇచ్చిన అంకెలను కాస్త గుండ్రం చేశాను, లెక్క నడిచిన తీరు మాత్రం మార్చలేదు.

ముందు పరిమితులు చూద్దాం. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 ప్రకారం నీళ్లను ఉపరితల జలాల్లోకి వదలాలంటే లీటరుకు నికెల్ 3.0 మిల్లీగ్రాములు, మొత్తం క్రోమియం 2.0, హెక్సావాలెంట్ క్రోమియం 0.1 దాటకూడదు, పీహెచ్ 9 దాటకూడదు. (ఇక మీదట కొలమానం రాయని చోట లీటరుకు మిల్లీగ్రాములనే అనుకోండి.) నిజానికి ఈ కథంతా పీహెచ్ 9 అనే గీత చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంటే ఈ రెండు లోహాలకు కావలసింది ఒకటి కాదు. హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియం రెండు రూపాల్లో ఒకటి) క్రోమేట్‌గా నీళ్లలో కరిగి ఉంటుంది, దాని మీద ఎంత కాస్టిక్ సోడా పోసినా కిందికి దిగదు. ముందు పీహెచ్ 2 నుంచి 3 మధ్యకు తెచ్చి, సోడియం మెటాబైసల్ఫైట్ వేసి ట్రైవాలెంట్ అనే రెండో రూపంగా మార్చాలి (దీన్నే క్రోమ్ రిడక్షన్ అంటాం), ఆ తర్వాత పీహెచ్ పెంచితే హైడ్రాక్సైడ్‌గా పడుతుంది. అలా పడటానికి దానికి 8.5 చుట్టుపక్కల ఉంటే హాయి, పీహెచ్ మరీ పెరిగితే మళ్లీ కరగడం మొదలుపెడుతుంది. నికెల్ సంగతి వేరు, దాని హైడ్రాక్సైడ్ అతి తక్కువగా కరిగేది పీహెచ్ 10 దాటాక. అంటే క్రోమియం 8.5 అడుగుతుంది, నికెల్ 10 పైన అడుగుతుంది, చట్టం 9 దగ్గర ఆపుతుంది, వీటన్నిటికీ ఈ యూనిట్‌లో ఉన్నది ఒకటే ట్యాంకు, మడ్డిని పిండి నీళ్లను వేరు చేసే ఫిల్టర్ ప్రెస్ కూడా ఒకటే.

పాత పద్ధతి ఇలా ఉండేది. క్రోమ్ రిడక్షన్ అయ్యాక కాస్టిక్ పోసి పీహెచ్‌ను 10.2 దాకా తీసుకెళ్లి కాసేపు కలుపుతారు. బయటికి వదిలే నీళ్ల పీహెచ్ 9 దాటకూడదు కదా, అందుకని అదే ట్యాంకులో సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి 8.5కు దించి, అప్పుడు ఫిల్టర్ ప్రెస్‌కు పంపుతారు. నికెల్ మడ్డి ఇంకా నీళ్లలోనే ఉండగా యాసిడ్ పడుతోంది, దాంతో అప్పటిదాకా హైడ్రాక్సైడ్‌గా పడిన నికెల్‌లో కొంత తిరిగి కరుగుతోంది. ఎంత కరుగుతుందనేది యాసిడ్ పోశాక ప్రెస్ ఎప్పుడు ఆన్ చేశారన్న దాన్ని బట్టి మారుతుంది. ఆపరేటర్ భోజనానికి వెళ్లి వచ్చాక ఆన్ చేసిన రోజు ఒక అంకె, వెంటనే ఆన్ చేసిన రోజు ఇంకో అంకె. రోజూ ఒకే పని చేస్తున్నా నికెల్ ఊగిసలాడటానికి పెద్ద కారణం ఇదే.

మడ్డి వేరు చేశాక యాసిడ్ పోయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పోయొచ్చు, దానికి ఇంకో ట్యాంకు కావాలి, షెడ్డులో అంత చోటు లేదు. పైగా ముందు కాస్టిక్ కొని పోసి, తర్వాత దాన్ని చంపడానికి యాసిడ్ కొని పోస్తే నీళ్లలో ఉప్పు పెరుగుతుంది, డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. అందుకని ప్రశ్నను ఇలా పెట్టుకున్నాం: పీహెచ్ 9 దాటకుండా, యాసిడ్ అవసరమే లేకుండా నికెల్‌ను 3 కిందికి తేగలమా?

“ఫెర్రిక్ మేం చూశాం సార్”

నికెల్ హైడ్రాక్సైడ్‌గా పూర్తిగా పడని పీహెచ్‌లో కూడా దాన్ని కిందికి దించే దారి ఒకటుంది. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఇనుము హైడ్రాక్సైడ్‌గా పడుతుంది, పడుతూ పడుతూ దాని ఉపరితలం మీద నికెల్‌ను పట్టుకుంటుంది. ఇది పాత విషయమే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. నేను ఆ మాట ఎత్తగానే యజమాని అన్నాడు: “ఫెర్రిక్ మేం చూశాం సార్, దాంతో ఏం తేడా రాలేదు, మడ్డి మాత్రం పెరిగింది.” పాత రిజిస్టర్ తీసి చూపించాడు కూడా. నిజమే, ఫెర్రిక్ వేసిన రోజుకూ వేయని రోజుకూ నికెల్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అయితే ఆ ట్రయల్స్ అన్నీ పీహెచ్ 9.6 పైనే చేసినవి. అక్కడ నికెల్ దానంతటదే చాలావరకు పడిపోతుంది, ఇక ఫెర్రిక్ పట్టుకోవడానికి మిగిలేది ఎంత? ముందు పీహెచ్ ఒక్కటే మార్చి ఏది మంచిదో తేల్చుకున్నారు, దాన్ని అక్కడే కట్టేసి, తర్వాత ఫెర్రిక్ ఒక్కటే మార్చి పనికిరాదని తేల్చేశారు. ఒక్కొక్క మెట్టూ సబబుగానే కనిపిస్తుంది. కానీ ఒక విషయం ప్రభావం రెండో విషయం ఎక్కడుందన్న దాన్ని బట్టి మారేటప్పుడు ఈ పద్ధతిలో సరైన చోటికి ఎప్పటికీ చేరలేం. దీన్నే ఇంటరాక్షన్ అంటాం. ప్రయోగాల డిజైన్ అనే శాస్త్రం ఉన్నదే ముఖ్యంగా దీన్ని పట్టుకోవడానికి.

ఏమేం మార్చాలి, ఏమేం మార్చకూడదు అన్నది డిజైన్ కంటే ముందు తేలాలి, నా అనుభవంలో సగం ప్రాజెక్టులు ఇక్కడే దారి తప్పుతాయి. ఏడెనిమిది ఫ్యాక్టర్లు, అంటే మార్చి చూసే అంశాలు, రాసుకుని అన్నీ కలిపి సాఫ్ట్‌వేర్‌లోకి తోసేస్తారు. మేం క్రోమ్ రిడక్షన్‌ను డిజైన్‌లో పెట్టలేదు. దాని లెక్క తెలిసిందే: ఒక గ్రాము హెక్సావాలెంట్ క్రోమియంకు సిద్ధాంతం ప్రకారం 2.74 గ్రాముల మెటాబైసల్ఫైట్ కావాలి. అది పూర్తయిందో లేదో డైఫినైల్ కార్బజైడ్ వేస్తే రంగే చెబుతుంది, ల్యాబ్‌లో అయితే 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. మా ట్రయల్స్ అన్నీ ట్యాంకులో కాదు, చిన్న జార్లలో చేసినవి, తెలిసిన జవాబు కోసం ఆ జార్లు వృథా చేయడం దేనికి? కానీ మెటాబైసల్ఫైట్‌ను ఒక విషయంలో చాలా గట్టిగా అదుపులో పెట్టాం. అది ఎక్కువైతే మిగిలిన సల్ఫైట్ మనం తర్వాత వేసే ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా, అంటే ఇనుము ఇంకో రూపంగా, మార్చేస్తుంది, అప్పుడు మనం వేశామనుకున్న ఫెర్రిక్ ఒకటి, నీళ్లలో నిజంగా ఉన్నది ఇంకొకటి. అందుకని ప్రతి జార్‌కూ లెక్క కంటే 10 శాతమే ఎక్కువ, అంతకు మించి చుక్క కూడా వద్దని నియమం పెట్టుకున్నాం.

చివరికి మూడు ఫ్యాక్టర్లు మిగిలాయి. ఎ అంటే లోహాలను మడ్డిగా దించే పీహెచ్, 8.4 నుంచి 9.6. బి అంటే ఫెర్రిక్ డోసు, ఇనుముగా లెక్కేస్తే 10 నుంచి 50. సి అంటే నెమ్మదిగా కలిపే సమయం, 10 నుంచి 30 నిమిషాలు. మడ్డి రేణువులను గుంపు కట్టించే పాలీఎలక్ట్రోలైట్ (పాలీ) డోసు అన్నిట్లో ఒకటే.

కొలిచే వాటిలో నికెల్ ముఖ్యం, దానితో పాటు మొత్తం క్రోమియం, అరగంటలో అడుగున చేరిన మడ్డి. క్రోమియం గురించి ఇక్కడే చెప్పేసి ముగిస్తాను: పీహెచ్ 9 వరకు అన్ని జార్లలోనూ 1 లోపే ఉంది, 9.6 దగ్గర ఫెర్రిక్ తక్కువున్న చోట 1.4 దాకా వెళ్లింది, ఎక్కడా 2 దాటలేదు. కాబట్టి నిర్ణయం నికెల్‌ది, మడ్డిది మాత్రమే.

ఎనిమిది మూలలు, ఒక మధ్య

మూడు ఫ్యాక్టర్లు, ఒక్కొక్క దానికి రెండేసి స్థాయిలు, అంటే రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది జార్లు. మూడు ఫ్యాక్టర్లను ఒక పెట్టె మూడు వైపులుగా ఊహిస్తే ఇవి దాని ఎనిమిది మూలలు. వీటికి తోడు సరిగ్గా మధ్యలో, అంటే పీహెచ్ 9.0, ఇనుము 30, సమయం 20 నిమిషాల దగ్గర ఇంకో నాలుగు జార్లు. నీళ్లన్నీ ఒకే డ్రమ్ములోవి. కొన్ని షిఫ్టుల నీళ్లను కలిపి పెట్టుకున్నాం, నికెల్ సుమారు 40, హెక్సావాలెంట్ క్రోమియం సుమారు 60. ఒక్కో రోజు ఒక్కో నీళ్లు వాడితే నీళ్ల తేడా ఏదో, ఫ్యాక్టర్ తేడా ఏదో ఎవరూ విడదీయలేరు.

జార్లను చేసే వరుసను చీటీలు తీసి నిర్ణయించాం. కొత్తవాళ్లకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది, కానీ ఇనుము ఉన్న నీళ్లలో పీహెచ్ ప్రోబ్ మీద తెట్టు కట్టి రీడింగ్ మెల్లగా జారిపోతుంటుంది. పీహెచ్ 8.4 జార్లన్నీ ఉదయం, 9.6 జార్లన్నీ సాయంత్రం చేసి ఉంటే ఆ జారుడంతా పీహెచ్ ప్రభావంలో కలిసిపోయి ఉండేది, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని బయటికి తీయలేదు.

వచ్చిన నికెల్ ఇదీ:

| పీహెచ్ | ఇనుము | నిమిషాలు | మిగిలిన నికెల్ |
|---|---|---|---|
| 8.4 | 10 | 10 | 9.8 |
| 9.6 | 10 | 10 | 2.2 |
| 8.4 | 50 | 10 | 4.6 |
| 9.6 | 50 | 10 | 1.6 |
| 8.4 | 10 | 30 | 9.0 |
| 9.6 | 10 | 30 | 1.8 |
| 8.4 | 50 | 30 | 4.2 |
| 9.6 | 50 | 30 | 1.6 |

మధ్య జార్లు: 2.5, 2.8, 2.4, 2.7.

దీన్ని చదవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కాగితం చాలు. పీహెచ్ 9.6 ఉన్న నాలుగు జార్ల సగటు 1.8, 8.4 ఉన్న నాలుగింటి సగటు 6.9. పీహెచ్ ప్రభావం మైనస్ 5.1. అలాగే ఫెర్రిక్‌ది 3.0 కీ 5.7 కీ తేడా, అంటే మైనస్ 2.7. కలిపే సమయానిది మైనస్ 0.4. గమనించండి, ప్రతి ప్రభావానికీ ఎనిమిది జార్లూ పనిచేస్తున్నాయి, నాలుగింటికి ఎదురుగా నాలుగు. ఒక్కొక్కటే మార్చే పద్ధతిలో ఒక జార్‌ను ఇంకో జార్‌తో పోల్చుకుంటాం, ఆ ఒక్క జార్‌లో కొలత కాస్త అటూ ఇటూ అయితే మొత్తం తీర్పే మారిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫెర్రిక్ ప్రభావాన్ని పీహెచ్ వారీగా విడగొట్టి చూడండి. 8.4 దగ్గర ఫెర్రిక్ 10 నుంచి 50కి పెంచితే నికెల్ సగటున 9.4 నుంచి 4.4కు పడింది, ఏకంగా 5.0 తగ్గుదల. 9.6 దగ్గర అదే పెంపుకు 2.0 నుంచి 1.6, కేవలం 0.4. యజమాని రిజిస్టర్‌లో ఉన్నది ఈ 0.4. అతను అబద్ధం చెప్పలేదు, రిజిస్టర్ కూడా అబద్ధం చెప్పలేదు, వాళ్లు చూసింది ఈ పట్టికలో ఒక పక్క మాత్రమే. ఈ రెండు అంకెల తేడాలో సగం, అంటే ప్లస్ 2.3, పీహెచ్‌కూ ఫెర్రిక్‌కూ మధ్య ఉన్న ఇంటరాక్షన్. ఫెర్రిక్ సొంత ప్రభావానికి ఇది దాదాపు సమానం.

మధ్య జార్లు రెండు పనులు చేశాయి. మొదటిది, ఒకే పని నాలుగుసార్లు చేస్తే ఎంత తేడా వస్తుందో చెప్పాయి: ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ విలువలు ఎంత చెదిరాయన్న కొలత, 0.18. దాన్నిబట్టి లెక్కిస్తే ఈ డిజైన్‌లో 0.41 లోపు ఉన్న ప్రభావాన్ని నమ్మలేం. కలిపే సమయం 0.4 దగ్గర గీత మీదే ఆగింది, ఉన్నా చిన్నదే, కాబట్టి దాన్ని 20 నిమిషాల దగ్గర కట్టేశాం. రెండోది ఇంకా ముఖ్యం. ఎనిమిది మూలల సగటు 4.35, మధ్య సగటు 2.6. అంతా సరళరేఖే అయితే ఈ రెండూ దాదాపు ఒకటే రావాలి. 1.75 తేడా ఉందంటే పీహెచ్, ఫెర్రిక్ మారే కొద్దీ నికెల్ ఎలా మారుతుందో చూపే ఉపరితలం మధ్యలో గట్టిగా వంగి ఉందని అర్థం, మూలలను మాత్రమే చూసి గీసిన గీత మధ్యలో తప్పు చెబుతుందని అర్థం. మనకు కావలసిన పీహెచ్ 8.8, 8.9 ఆ మధ్యలోనే ఉన్నాయి.

ఇలా మూలలతో మొదలుపెట్టి, వంపు కనిపిస్తే అదనపు పాయింట్లు కలుపుకుంటూ మెట్టు మెట్టుగా వెళ్లే పద్ధతిని 1951లో బాక్స్, విల్సన్ అనే ఇద్దరు రసాయన పరిశ్రమ పని కోసమే ప్రతిపాదించారు. అంతకు ముందు గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ పొలాల్లో పునాది వేశాడు. ఈ శాస్త్రంలో మనవాళ్ల పాత్ర చిన్నది కాదు. నూజివీడు, నందిగామ లాంటి ఊళ్లలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన సి.ఆర్. రావు 1940లలో ఆర్తోగోనల్ ఎర్రేలను ప్రతిపాదించారు. ఫ్యాక్టర్లు ఎక్కువున్నప్పుడు తక్కువ ప్రయోగాలతో పని జరిపించే డిజైన్ల వెనుక ఉన్నది ఆ గణితమే, జపాన్‌లో టగుచి పద్ధతిగా ఫ్యాక్టరీలకు చేరింది కూడా దాని మీద నిలబడిందే. మన దగ్గర ఇంజినీరింగ్ పిల్లలకు టగుచి పేరు తెలుస్తుంది, రావు గారి పేరు దానితో పాటు చెప్పేవాళ్లు తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

వంపును కొలవడం

సమయాన్ని పక్కన పెట్టాక మిగిలింది రెండే ఫ్యాక్టర్లు. అదే డ్రమ్ములోని నీళ్లతో ప్రతి అంచు మధ్యలో ఒక్కో జార్ చేశాం. పీహెచ్ 8.4, ఇనుము 30 దగ్గర 6.3. పీహెచ్ 9.6, ఇనుము 30 దగ్గర 1.7. పీహెచ్ 9.0 దగ్గర ఇనుము 10 అయితే 4.2, ఇనుము 50 అయితే 2.0. వీటితో పాటు మధ్య జార్లు రెండు మళ్లీ చేశాం, 2.6, 2.5. ఈ రెండూ పాత నాలుగింటితో కలిశాయి కాబట్టి డ్రమ్ములో నీళ్లు ఈ లోగా మారలేదని, రెండు విడతల డేటాను కలపొచ్చని ధైర్యం వచ్చింది. ఆ రెండు మధ్య జార్లు చేయకపోతే ఈ మాట చెప్పే హక్కు మనకు ఉండదు.

అంచుల బయటికి వెళ్లే పాయింట్లు, అంటే పుస్తకాల్లో కనిపించే 1.414 దూరం, మేం తీసుకోలేదు. పీహెచ్‌ను 9.85 దగ్గర చూసి ఈ యూనిట్‌కు ఒరిగేదేమీ లేదు, అక్కడికి మేం ఎలాగూ వెళ్లం. గణితపరంగా కాస్త అందం తగ్గుతుంది, పోనివ్వండి.

మూలల్లో రెండేసి జార్ల సగటు తీసుకుని తొమ్మిది చోట్ల విలువలకు సమీకరణం అమర్చితే ఇలా వచ్చింది. ఇక్కడ ఎ, బి అనేవి మధ్యను సున్నాగా, అంచులను మైనస్ 1, ప్లస్ 1గా పెట్టుకున్న కొలతలు:

నికెల్ = 2.67 − 2.47 ఎ − 1.27 బి + 1.15 ఎబి + 1.30 ఎ² + 0.40 బి²

ఆర్ స్క్వేర్డ్, అంటే డేటాలోని తేడాల్లో సమీకరణం వివరించిన వంతు, 0.997. దయచేసి ఈ అంకెను చూసి మురిసిపోకండి. తొమ్మిది చోట్ల విలువలకు ఆరు గుణకాలు అమర్చితే అది ఎలాగూ పెద్దగానే వస్తుంది. నాకు ధైర్యం ఇచ్చింది వేరే అంకె: సమీకరణం చెప్పిన దానికీ కొలిచిన దానికీ మధ్య మిగిలిన తేడా 0.24 దగ్గర ఉంది, మధ్య జార్లు తమలో తాము చూపిన 0.18కి అది దగ్గరే. అంటే మిగిలిన తప్పులో ఎక్కువ భాగం కొలతలోదే, సమీకరణం రూపంలోది కాదు.

అలాగని సమీకరణాన్ని గుడ్డిగా నమ్మకూడదు. పీహెచ్ 9.6 దగ్గర ఫెర్రిక్ 30 నుంచి 50కి పెంచితే నికెల్ 1.50 నుంచి 1.78కి పెరుగుతుందని ఇది చెబుతోంది. కొలిచింది చూస్తే 1.7 నుంచి 1.6. అక్కడ రసాయనశాస్త్రం ఏమీ మారలేదు, వర్గ సమీకరణం ఒకసారి వంగితే మళ్లీ పైకి లేవాల్సిందే, అది దాని స్వభావం. సమీకరణంతో గీసిన మ్యాప్ మీద రంగులు చూసి అక్కడ ఏదో కనిపెట్టామని రాసేవాళ్లను చూశాను, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు ఎంపిక. నికెల్‌ను అతి తక్కువ చేయడం మా లక్ష్యం కాదు, పీహెచ్ 9 లోపల ఉండి, కంట్రోలర్ కాస్త అటూ ఇటూ ఊగినా 3 దాటకుండా ఉండటం లక్ష్యం. యూనిట్‌లో పీహెచ్ కంట్రోలర్ 0.1 వరకు ఊగుతుంది, అంతకంటే బాగా పట్టుకుంటుందని ఆశపడటం తప్పు. కాబట్టి సెట్ పాయింట్ 8.9 కంటే పైకి పెట్టలేం. 8.9 దగ్గర ఇనుము 10 వేస్తే నికెల్ 5.0, 30 వేస్తే 3.1, 45 వేస్తే 2.2. ఇక 45 దగ్గరే నిలబడి పీహెచ్‌ను ఊపి చూస్తే 8.8 దగ్గర 2.6, 9.0 దగ్గర 1.9. రెండు వైపులా 3 కిందే. అలా పీహెచ్ 8.9, ఇనుము 45 తేలింది. ఫెర్రిక్ ఇంకా ఎక్కువ వేస్తే నికెల్ ఇంకొంచెం తగ్గుతుంది కానీ మడ్డి పెరుగుతుంది, ఆ మడ్డి ఊరికే పోయేది కాదు.

మధ్యలో ఒక మాట. ఈ అంశం మీద వచ్చే రిపోర్టులు, థీసిస్‌లు చాలావాటిలో ఫలితాన్ని “తొలగింపు శాతం”గా రాస్తారు, 95 శాతం, 98 శాతం అని. దయచేసి అలా చేయకండి. నికెల్ 40 ఉన్న నీళ్లలో 95 శాతం తీస్తే 2 మిగులుతుంది, వదలొచ్చు. 100 ఉన్న నీళ్లలో 95 శాతం తీస్తే 5 మిగులుతుంది, వదలకూడదు. కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్లు అడిగేది మిగిలిన దాన్ని, ఆ నీళ్లు చేరే చెరువు చూసేది కూడా మిగిలిన దాన్నే. ఇంకోటి, డిస్టిల్డ్ వాటర్‌లో నికెల్ ఉప్పు కలిపి చేసిన డిజైన్‌తో ఫ్యాక్టరీ సెట్టింగ్ చెప్పడం. నికెల్ బాత్‌లో బోరిక్ యాసిడ్ ఉంటుంది, పూతకు మెరుపునిచ్చే బ్రైట్‌నర్లు ఉంటాయి, వస్తువుల మీద నుంచి వచ్చిన నూనె ఉంటుంది. ఇవన్నీ నికెల్‌ను నీళ్లలో పట్టి ఉంచగలవు. మా జార్లలో 9.6 దగ్గర కూడా నికెల్ 1.6 కిందికి దిగకపోవడానికి ఇవే కారణమని నా అంచనా.

ట్యాంకులో

ముందు జార్‌లోనే ఆ సెట్టింగ్‌ను మూడుసార్లు చేసి చూశాం, 2.1, 2.4, 2.3. సమీకరణం చెప్పిన 2.2కు ఇది బాగా దగ్గర. ఆ తర్వాతే ట్యాంకుకు వెళ్లాం. వరుస ఇలా మారింది: క్రోమ్ రిడక్షన్ అయ్యాక నీళ్లు ఇంకా ఆమ్లంగా ఉండగానే ఫెర్రిక్ వేస్తారు, బాగా కలిశాక కాస్టిక్ మెల్లగా పోస్తూ 8.9కు తెస్తారు, అప్పుడు ఇనుము, నికెల్, క్రోమియం మూడూ కలిసి పడతాయి. ఫెర్రిక్‌ను చివర్లో వేస్తే ఇంత పట్టదు. 20 నిమిషాలు నెమ్మదిగా కలిపి, పాలీ వేసి, మడ్డి అడుగున చేరాక నేరుగా ప్రెస్‌కు పంపుతారు. యాసిడ్‌తో దించే పని మొత్తంగా పోయింది.

మార్కెట్లో దొరికే 40 శాతం ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఇనుము బరువులో 14 శాతం లోపే. 8,000 లీటర్ల బ్యాచ్‌కు రోజుకు 2.6 కిలోలు, అంటే రెండు లీటర్ల లోపు. ఆ ఫెర్రిక్ తన వంతుగా ప్రతి వెయ్యి లీటర్లకు 97 గ్రాముల కాస్టిక్ తింటుంది, కానీ 10.2 దాకా వెళ్లే పనే లేదు కాబట్టి మొత్తం మీద కాస్టిక్ ఖర్చు తగ్గింది.

మడ్డి విషయంలో దాచేదేమీ లేదు, అది పెరిగింది. 45 ఇనుము వెయ్యి లీటర్లకు 86 గ్రాముల పొడి హైడ్రాక్సైడ్ ఇస్తుంది. తడి కేక్‌లో నాలుగింట మూడు వంతులు నీళ్లే అనుకుంటే 350 గ్రాములు, రోజుకు దాదాపు 2.8 కిలోలు అదనం. ఇది ప్రమాదకర వ్యర్థం, చెత్తకుప్పలో పారేసేది కాదు, దుండిగల్‌లోని కేంద్రానికి లెక్కగా పంపాల్సిందే, బరువును బట్టి డబ్బు కట్టాల్సిందే. యజమాని ముందు ఈ లెక్క పెట్టి, యాసిడ్, కాస్టిక్ మిగులుతో పక్కపక్కన చూపించాను. అతను కేక్‌ను ప్రెస్‌లో ఇంకాస్త ఎక్కువసేపు పిండడం మొదలుపెట్టాడు. తడి తగ్గితే బరువు తగ్గుతుంది, నాకు తట్టని ఆలోచన అది, చాలా మంచి ఆలోచన.

ట్యాంకులో నికెల్ జార్‌లో కంటే కొంచెం ఎక్కువగానే, 2.3 నుంచి 2.8 మధ్య నిలిచింది. పెద్ద ట్యాంకులో కలపడం జార్‌లో అంత బాగా జరగదు. కానీ 6 లాంటి అంకె మళ్లీ రాలేదు, రోజుకో రకంగా ఊగడం ఆగింది.

ఈ సెట్టింగ్ ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. డ్రమ్ములో నికెల్‌ను రెట్టింపు చేసి, అంటే 80కి పెంచి, అదే సెట్టింగ్‌తో జార్ చేస్తే 2.9 వచ్చింది, సరిగ్గా అంచు మీద. ఇనుము ఉపరితలం నికెల్‌ను పట్టుకోవడానికి ఒక హద్దు ఉంటుంది మరి. బాత్‌లోని ద్రావణం పొరపాటున రిన్స్‌లోకి (కడిగే నీళ్లలోకి) ఒలికిన రోజు ఈ సెట్టింగ్‌తో బండి నడవదు. అందుకే ఆపరేటర్‌కు డైమిథైల్‌గ్లయాక్సిమ్ స్పాట్ టెస్ట్ నేర్పాం. అమోనియా చుక్క, ఈ ద్రావణం చుక్క వేస్తే నికెల్ ఉన్న నీళ్లు గులాబీ ఎరుపుకు తిరుగుతాయి. ట్యాంకుకు వచ్చే నీళ్లకు పలచన చేసి ఈ పరీక్ష చేసి, రంగు మామూలు కంటే ముదురుగా ఉంటే ఆ బ్యాచ్‌ను రెండుగా విడగొడతాడు. బయటికి వెళ్లే నీళ్లకు మాత్రం ఇది చాలదు, దానికి ల్యాబే.

ఎలక్ట్రోలెస్ నికెల్ (కరెంటు లేకుండా పూత వేసే) లైన్ ఉన్న యూనిట్లు ఈ సెట్టింగ్‌ను కాపీ కొట్టకండి. అందులో నికెల్‌ను పట్టి ఉంచే సిట్రేట్ లాంటి పదార్థాలు కావాలనే వేస్తారు, హైడ్రాక్సైడ్ పద్ధతి అక్కడ చతికిలపడుతుంది. అమోనియా ఉన్న నీళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇక సైనైడ్ ఉన్న కాపర్, జింక్ లైన్ నీళ్లను క్రోమ్ రిడక్షన్ ట్యాంకు దరిదాపులకు కూడా రానివ్వకూడదు, ఆమ్లంలో సైనైడ్ పడితే వచ్చే గ్యాస్ మనుషుల ప్రాణాలు తీస్తుంది. మెటాబైసల్ఫైట్ వేసే చోట కూడా సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, గాలి ఆడాలి, మాస్క్ ఉండాలి. ముందు ఆపరేటర్ ఊపిరి, ఎంత బాగున్నా సెట్టింగ్ దాని తర్వాతే.

లెక్కలకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. ఎక్సెల్‌లో అయిపోతుంది, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ వాడటం వచ్చిన వాళ్లకు అందులో ఆర్‌ఎస్‌ఎం ప్యాకేజీ ఉచితం, మ్యాప్‌లు కూడా గీస్తుంది. ఖర్చంతా నికెల్ కొలతదే, నమూనాలను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, వడకట్టనిది కూడా పక్కన ఒకటి తీసి, రెండూ పంపండి. రెండిటి మధ్య తేడా పెద్దదైతే మీ సమస్య రసాయనంలో లేదు, వడకట్టడంలో ఉంది.

ఇప్పుడు యజమాని రిన్స్ ట్యాంకులను మార్చాలనుకుంటున్నాడు, వస్తువు వెళ్లే దిశకు ఎదురుగా నీళ్లు పారేలా మూడు ట్యాంకులు వరుసగా. నీళ్ల వాడకం బాగా తగ్గుతుంది, నేనూ అదే చెప్పాను. కానీ అంతే నికెల్ తక్కువ నీళ్లలో వస్తుంది, గాఢత 80 దాటొచ్చు, అప్పుడు పైన రాసిన సమీకరణం చెల్లదు. కాబట్టి రిన్స్ మారిన వారం నుంచే కొత్త నీళ్లు డ్రమ్ములో పోగుచేసి, ఇనుము స్థాయిలను 40 నుంచి 100కి జరిపి, పీహెచ్‌ను ఈసారి 8.6 నుంచి 9.0 మధ్య ఉంచి, మళ్లీ మూలలతో మొదలుపెడతాం.